ఎవరు చూసుకుంటారు?

మా సోషల్ టీచర్ గారు పోయారన్న కబురు ఫోన్లోకి వచ్చేసరికి నేను స్టేజీ మీద నిలబడి, ఒక పదో తరగతి పిల్లవాడి చొక్కాకు బ్యాడ్జి ఎలా గుచ్చాలో రిహార్సల్ చేస్తున్నాను. నవ్వకండి. బ్యాడ్జి గుచ్చడానికి కూడా రిహార్సల్ చేసే స్కూళ్లున్నాయి. నరసరావుపేటలో అలాంటి ఒక ప్రైవేటు స్కూల్లో నేను ఉద్యోగం చేస్తున్నాను. ఆ రోజు మాకు విద్యార్థి నాయకుల ప్రమాణ స్వీకారం. చీఫ్ గెస్టు వచ్చేలోగా ఎవరు ఎటు నుంచి మెట్లెక్కాలి, ఎటు తిరిగి నవ్వాలి అని పిల్లలకు నేర్పుతున్నాం. వెనక ఫ్లెక్సీ మీద 'నేటి విద్యార్థులే రేపటి నాయకులు' అని గజమెత్తు ఎర్రటి అక్షరాలు.

ఫోన్ తీసి చూశాను. మా ఊరి హైస్కూల్లో పదో తరగతి కలిసి చదివిన వాళ్ల గ్రూపు అది. "మన సోషల్ టీచర్ గారు ఇక లేరు. తెల్లవారుజామున గుండెపోటు. పేట హాస్పిటల్లోనే ఉన్నారు" అని రాజుపాలెంలో మందుల షాపు నడిపే మావాడొకడు పెట్టాడు. ఆ వెనకే చేతులు జోడించిన బొమ్మలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. నేనూ ఒక బొమ్మ పెట్టాను. కాసేపటికి వాడే మళ్లీ పెట్టాడు: "హాస్పిటల్లో టీచర్ గారి చెల్లెలు ఒక్కతే ఉందంట. ఆమెకేం తెలవదు. కాగితాలు, అంబులెన్సు, మనూరు తీసుకురావటం... ఎవరు చూసుకుంటారు?"

ఆ హాస్పిటల్ మా స్కూలు వెనక వీధిలోనే ఉంది. మా పై అంతస్తు నుంచి చూస్తే దాని బోర్డు కనపడుతుంది. "నేను" అని టైపు చేశాను. అంతలో గేటు దగ్గర కారు ఆగింది, బ్యాండు మొదలైంది. ఆ మాట చెరిపేసి ఫోను టేబుల్ మీద బోర్లా పెట్టాను.

ఎవరు చూసుకుంటారు? పైకి మామూలు మాటే. తిట్టు కాదు, బెదిరింపు కాదు. కానీ మా బ్యాచ్‌లో ఎవరి చెవిన పడినా వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఎందుకో చెప్పాలంటే ఆవిడ సంగతి మొదటి నుంచి చెప్పాలి.

ఆవిడది వినుకొండ. పెళ్లి చేసుకోలేదు. రాజుపాలెం పక్కన మా ఊరికి ఉద్యోగానికి వచ్చి, చర్చి సందులో ఒక గది అద్దెకు తీసుకుని, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. మగపిల్లలు ఎగస్ట్రాలు చేస్తే ఆ గొడుగు కొనతో వీపు మీద ఒక పొడుపు. పేపర్లు దిద్దేటప్పుడు ప్రార్థన పాటలు సన్నగా కూనిరాగం తీసేవారు. మార్కులు పడ్డాయా లేదా అన్నది ఆ రాగాన్ని బట్టి ముందు బెంచీవాళ్లం కనిపెట్టేవాళ్లం. మధ్యాహ్నం ఆవిడ డబ్బా మూత తీశారంటే గోంగూర పచ్చడి వాసనకు చుట్టూ చేరేవాళ్లం. అందరికీ పెట్టగా డబ్బాలో ఆవిడకు వట్టి అన్నం మిగిలేది. దాన్ని నీళ్ల మజ్జిగతో తినేసేవారు.

క్లాసులో ఏదైనా చెడిపోయినా, పోయినా, ఎవరైనా వెనకబడ్డా ఆవిడ ఆ సంగతి మామూలుగా చెప్పేవారు. "కిటికీ రెక్క ఊడింది. గాలికి ఎవరి నెత్తినో పడుద్ది. ఎవరు చూసుకుంటారు?" లేకపోతే, "ఆ పిల్లకు ఇంకా కూడబలుక్కుని చదవటం కూడా రావట్లా. పరీక్షలొస్తన్నాయి. ఎవరు చూసుకుంటారు?" అంతే. ఆ తర్వాత నోరు విప్పేవారు కాదు. కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద ఎడమచెయ్యి ఆనించి ఊరుకునేవారు. ఎవరి పేరూ పిలిచేవారు కాదు, ఎవరి వంకా చూసేవారు కాదు. మాలో ఎవరో ఒకరు లేచి "నేను చూసుకుంటా టీచర్" అనాలి. అప్పుడు "మంచిదమ్మా" అని కుర్చీ లాక్కుని కూర్చునేవారు. అనకపోతే కూర్చునేవారు కాదు. నిలబడే హాజరు వేసేవారు, నిలబడే పాఠం చెప్పేవారు, గంట కొడితే గొడుగు తీసుకుని వెళ్లిపోయేవారు. మర్నాడు వచ్చి మళ్లీ అదే ప్రశ్న.

మిగతా సార్లు అలా కాదు. "ఒరేయ్, నువ్వు లెగు, పోయి సుద్దముక్కలు పట్రా" అనేవాళ్లు, మేం పరిగెత్తేవాళ్లం. అదే తేలిక. ఒకసారి నేనే అడిగాను, ఎవరో ఒకరికి చెప్పెయ్యొచ్చుగా టీచర్ అని. "నేను చెబితే నువ్వు నా పని చేసినట్టమ్మా. నీ అంతట నువ్వంటే నీ పని చేసుకున్నట్టు" అన్నారు. ఇంకోసారి వెనక బెంచీవాడొకడు విసుగుపుట్టి, "ఎవరో ఒకళ్లం చూసుకుంటాంలే టీచర్" అన్నాడు. ఆవిడ హాజరుపట్టీ తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికి, "ఎవరో ఒకళ్లు అనే పేరు మన క్లాసులో లేదే అబ్బాయ్. నీ పేరు చెప్పు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. వాడే ఇవాళ మందుల షాపు నడుపుతున్నవాడు.

మేం పదిలోకి వచ్చిన ఏడు కొత్త హెడ్మాస్టారు వచ్చాడు. స్కూలు లీడర్ని చీటీలేసి ఓట్లతో ఎన్నుకుందాం, పిల్లలకు ప్రజాస్వామ్యం తెలుస్తుంది అన్నాడు. మా ఊరికి తెలిసిన ప్రజాస్వామ్యం ఆయనకు తెలియదు పాపం. మాది రెండు జట్ల ఊరు. తూర్పు బజారు ఒక జట్టు, పడమటి బజారు ఒక జట్టు. సర్పంచి ఎన్నికలైనా, పాలసంఘం ఎన్నికలైనా, ఆఖరికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ ముందు ఎవరిది కదలాలన్నా ఆ రెండు జట్ల మధ్యే తేలాలి. స్కూల్లో ఎన్నికలంటే పెద్దవాళ్లు ఊరుకుంటారా? మా నాన్నకు సున్నపురాయి తోలే లారీలుండేవి. తూర్పు బజారు పెద్దలు మా ఇంటికొచ్చి, "మీ అమ్మాయిని నిలబెట్టు" అన్నారు. నన్నెవరూ అడగలేదు. నేను లంగా ఓణీ సర్దుకుని నిలబడ్డాను. పడమటి బజారు వాళ్లు తాపీమేస్త్రి కూతురు పద్మను నిలబెట్టారు. దాన్నీ ఎవరూ అడగలేదు.

తూర్పు బజారు తరఫున ఓటుకొక పెన్ను, పోలింగ్ ముందు రోజు మా లారీ షెడ్లో కోడి బిర్యానీ. పడమటి బజారు వాళ్లు లడ్డూలు పంచారు. తొమ్మిదో తరగతి గడుగ్గాయిలు బిర్యానీ తిని, లడ్డూలు జేబులో వేసుకుని, రెండు జట్లకీ ఓటేస్తామని ఒట్లు వేశారు. ఎన్నిక రోజున స్కూలు గేటు ముందు ఇటొక మంచం, అటొక మంచం వేసుకుని పెద్దమనుషులు కండువాలతో కూర్చున్నారు. నేను గెలిచాను. డప్పులు, దండలు, లారీ మీద ఊరేగింపు, మా నాయనమ్మ వీధిలో దిష్టి తియ్యడం, అన్నీ అయ్యాయి. ఆ రోజు నుంచి ఊళ్లో నా పేరు పోయి 'లీడరు' మిగిలింది. ఇప్పటికీ బస్సు దిగితే, "ఏమే లీడరూ, ఇదేనా రావటం?" అంటారు.

మర్నాడు టీచర్ గారు క్లాసులోకి వచ్చి నన్ను లేపారు.

"గెలిచావంటగా అమ్మా?"

"అవును టీచర్."

"సంతోషం. ఏం చూసుకుందామని గెలిచావు?"

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తడుముకుని తడుముకుని, "మా నాన్న చూసుకుంటాడు టీచర్" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ ఒక్కరే నవ్వలేదు.

ఆ వానాకాలమే ఆడపిల్లల బాత్రూములకు నీళ్లొచ్చే పైపు పగిలిపోయింది. హెడ్మాస్టారు పైకి రాస్తానన్నాడు. పైవాళ్లు చూస్తామన్నారు. ఈలోగా పొద్దున్నే గేటు దగ్గర పంపు నుంచి బకెట్లతో తెచ్చి వెనకున్న డ్రమ్ము నింపితేగానీ పిల్లలు లోపలికి పోలేని పరిస్థితి. పోవాల్సొస్తుందని ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగడం మానేశారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. టీచర్ గారు పదో తరగతి ఆడపిల్లల్ని మాత్రం కూర్చోబెట్టి, సంగతి చెప్పి, కుర్చీ వెనక నిలబడి అడిగారు. "ఆ డ్రమ్ము ఎవరు చూసుకుంటారు?"

అందరూ నా వంక చూశారు. నా ఓణీ మీద కొత్త బ్యాడ్జి తళతళలాడుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. లీడరంటే 'సావధాన్' చెప్పేది, జెండా పండగనాడు ముందు నిలబడేది. బకెట్లు మొయ్యటమేంది? లారీల వాళ్ల పిల్ల గేటు దగ్గర నీళ్లు మోస్తోందని తెలిస్తే మా బజారులో మా నాన్న మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇదంతా అప్పుడు నేను నిజంగా ఆలోచించిన ఆలోచనే. పీరియడ్ అయిపోయింది. ఆవిడ నిలబడే వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు వెనక నుంచి పద్మ లేచి, "నేను చూసుకుంటా టీచర్" అంది. కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడు వినపడింది. ఆవిడ కూర్చున్నారు.

ఓడిపోయిన పిల్ల పొద్దున్నే వచ్చి, తోడు నలుగురిని పోగేసుకుని, ఏడాదంతా ఆ డ్రమ్ము నింపింది. గెలిచినదాన్ని నేను ప్రార్థన గంటకు వచ్చి, నీళ్లచుక్క పడని బట్టలతో ముందు నిలబడి 'సావధాన్' చెప్పాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. టీచర్ గారు నా చేతిలో గోంగూర ముద్ద పెట్టడం మానలేదు. తిట్టినా బాగుండేది. ఒకరోజు ఉండబట్టలేక, "నామీద కోపంగా ఉందా టీచర్?" అని అడిగాను.

"కోపమెందుకే పిచ్చిపిల్లా? నువ్వింకా అన్లా, అంతేగా" అన్నారు. "అంటావులే ఎప్పుడో."

ఎప్పుడో. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇన్నేళ్లు నాకోసం ఆగారని, ఎక్కడున్నా నన్ను ఆ లెక్కలోనే ఉంచుకున్నారని నాకు కిందటేడు తెలియాల్సింది. తెలుసుకోలేదు.

కిందటేడు మా స్కూలు ప్రమాణ స్వీకారానికి ఆవిడను నేనే పిలిచాను. మా టీచర్ గారికి నా వైభవం చూపించాలని సరదా. రాజుపాలెం నుంచి బస్సెక్కి, గొడుగేసుకుని వచ్చారు. మా పిల్లలకు క్యాబినెట్ ఉంటుంది. హెడ్ బాయ్, హెడ్ గర్ల్, క్రమశిక్షణ మంత్రి, పరిశుభ్రత మంత్రి, ఒక్కొక్కళ్లకి భుజం మీద నుంచి జరీ పట్టీ. నేను నాయకత్వ లక్షణాల మీద ఇంగ్లీషులో ప్రసంగించాను. ఏటా అదే ప్రసంగం. అయ్యాక ఆవిడ పరిశుభ్రత మంత్రి దగ్గరికి వెళ్లి, జరీ పట్టీ సవరిస్తూ, "నువ్వేం చూసుకుంటావమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల బిక్కమొహం వేసి నా వంక చూసి, "మేడమ్ చెప్తారు" అంది.

నేను నవ్వేసి, "పిల్లల్లో కాన్ఫిడెన్స్ పెరగటానికి టీచర్ ఇదంతా" అన్నాను.

"బానే ఉందే. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరంట?" అని ఆవిడ నా బుగ్గ మీద చిన్నగా తట్టారు.

తర్వాత నా గదిలోకి తీసుకెళ్లాను. టీ తెప్పించాను. అప్పుడు చెప్పారు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు మా హైస్కూల్లోనే ఒక గదిలో పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తున్నారట. పొలం పనులకు, క్వారీ పనులకు పోయే వాళ్ల పిల్లలు, ఇంట్లో చెప్పే దిక్కు లేనివాళ్లు. "సోషలు, తెలుగు నేను లాక్కొస్తన్నా. సైన్సు నాకు చేతగాదు. చానామంది అందులోనే పోతన్నారు. ఎవరు చూసుకుంటారా అని..." అన్నారు.

నేను ఎమ్మెస్సీ చదివాను. వారానికొకసారి పోయినా సరిపోయేది. "అడ్మిషన్లు అవనీయండి టీచర్, చూద్దాం" అన్నాను. "కూర్చోండి టీచర్, టీ చల్లారిపోతోంది" అని కూడా అన్నాను. ఆవిడ నా ఎదురు కుర్చీ వీపు మీద ఎడమచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. టీ నిలబడే తాగారు. నిలబడే సెలవు తీసుకున్నారు. బస్సుకు టైమైందేమో అనుకున్నాను నేను. అంత బుద్ధి తక్కువదాన్ని.

చావు కబురు వచ్చిన రోజుకే మళ్లీ వస్తాను. స్టేజీ కార్యక్రమం అయ్యాక ఫోను తిప్పి చూస్తే, బొమ్మల వరస మధ్యలో ఒక్క మెసేజ్ ఉంది. "నేను చూసుకుంటా. డ్యూటీ మార్పించుకున్నా. వినుకొండలో బస్సెక్కా, వస్తన్నా." పద్మ. అది ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. నేను చప్పట్ల మధ్య బ్యాడ్జీలు గుచ్చుతున్నంతసేపూ, నా వెనక వీధిలోని హాస్పిటల్‌కు అది వినుకొండ నుంచి వచ్చి, సంతకాలు పెట్టించి, అంబులెన్సు మాట్లాడి, టీచర్ గారినీ చెల్లెలినీ ఊరికి చేర్చింది. తలకొట్టేసినట్టయింది నాకు. అయినా ఏం చేశాను? ఒక పెద్ద పూలదండ చేయించుకుని మధ్యాహ్నానికి కారులో బయల్దేరాను.

షామియానా కింద జనం. నన్ను చూడగానే తూర్పు బజారు బాబాయి ఒకాయన లేచి, "లీడరమ్మ వచ్చింది, జరగండ్రా, దారివ్వండి" అని ముందు వరసలో కుర్చీ వేయించాడు. కూర్చున్నాను. పద్మ ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. ఐస్ పెట్టెకు కరెంటు వైరు లాగిస్తోంది, టీలు పంపిస్తోంది, పాస్టరు గారితో సమాధి వేళ మాట్లాడుతోంది. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి, "వచ్చావా లీడరూ. పొద్దున మెసేజ్ చూసుండవులే, నీకు స్కూల్లో పనాయె" అంది. ఎత్తిపొడుపు లేదు. నన్ను కాపాడడానికి ఆ సాకు అదే వెతికిపెట్టుకుంది.

"అవునే, ఫోన్ సైలెంట్లో ఉంది" అన్నాను.

ఇది అచ్చయ్యాక పద్మ చదువుతుంది. చదవనీ. చూశానే పద్మా. అందరికంటే ముందు చూశాను. "నేను" అని రాసి మరీ చెరిపేశాను.

పెట్టె పక్కన టీచర్ గారి చెల్లెలు కింద కూర్చుని ఉంది. అద్దం మీద, అక్క కాళ్లున్న చోట, అరచెయ్యి పెట్టి నిమురుతోంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నన్నెవరనుకుందో ఏమో, తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది. "కాళ్లల్లో నరాలు ఉబ్బిపోయి ఉండేయమ్మా అక్కకి. ఉద్యోగంలో చేరినకాడ్నించీ ఇదే బాధ. ఇంటికి రాంగానే వేణ్ణీళ్లలో ఉప్పేసుకుని కాళ్లు పెట్టుకునేది. అంత నొప్పైతే కూకుని చెప్పచ్చుగా అక్కా అంటే, పిల్లలింకా మాట్లాళ్లేదే అనేది."

మేమేమనుకున్నామంటే, అది ఆవిడ పద్ధతి అనుకున్నాం. పంతం అనుకున్నాం. వెనక బెంచీల్లో పందేలు కూడా కాసుకున్నాం, ఇవాళ కూర్చుంటుందా లేదా అని. నేను కిటికీలోంచి బయటికి చూసిన ఆ పీరియడ్లన్నీ ఆవిడ ఆ కాళ్ల మీద నిలబడి ఉన్నారు. భూమి చీలితే బాగుండుననే మాట నేను కథల్లో చదివానుగానీ, దాని అర్థం ఆ షామియానా కిందే తెలిసింది.

సమాధి అయిన వారానికి, వాళ్ల ఆచారం ప్రకారం అయినవాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. చర్చి చిన్నది, జనం పట్టరని హైస్కూలు వరండాలో పెట్టారు. ఆవిడ సాయంత్రాలు చదివించిన గదిలోంచి ఆవిడ కుర్చీ తెచ్చి, దాని మీద ఫోటో నిలబెట్టి దండ వేశారు. పాస్టరు గారు ప్రార్థన చేశాక ఇప్పటి హెడ్మాస్టారు లేచాడు. పొగిడాడు. పొగడ్త అయిపోయాక గొంతు సవరించుకుని, "సాయంత్రం క్లాసు ఆగిపోయిందండీ. తెలుగు, సోషలు మా టీచర్లు తలా కొంచెం చూస్తామన్నారు. సైన్సు మేష్టారు పోస్టు ఖాళీ. పిల్లలు రోజూ వచ్చి గది ముందు కూర్చుని పోతున్నారు. ఎవరు చూసుకుంటారో మరి" అన్నాడు.

ఆయనకు తెలియదు, ఏ మాట అన్నాడో. మా బ్యాచ్ వాళ్లందరం ఒక్కసారి తలలు దించుకున్నాం. ఎవరి ఫోను వాళ్లకు అవసరమైంది. ఒకడు లేచి బయటికి పోయాడు. వరండా చివర పద్మ నిలబడి ఉంది. అది నా వంక చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు. చిన్నప్పుడు టీచర్ గారు ఎవరి వంకా చూడనట్టే, నేల వంక చూస్తూ నిలబడింది. చూసి ఉంటే కోపం తెచ్చుకునేదాన్నేమో, ఏదో ఒక సాకు చెప్పేదాన్నేమో.

నేను ఫోటో వంక చూశాను. ఫోటోలో గొడుగు లేదు. కుర్చీలో కూర్చుని ఉన్నారు ఆవిడ. మేం ఎవరమూ ఏమీ అనకముందే ఆవిడను కూర్చోబెట్టేశామే అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక ఇక నా కాళ్లు కుర్చీలో నిలవలేదు. లేచాను. అన్న మాట నాకే వినపడలేదు. ఏటా మైకులో ప్రసంగించే గొంతు అది.

"ఏందమ్మా, ఏదో అన్నారు?" అన్నాడు హెడ్మాస్టారు.

"నేను చూసుకుంటా సార్. సైన్సు. శని, ఆదివారాలు."

"మరి! ఎంతైనా మన లీడరు" అని తూర్పు బజారు బాబాయి చప్పట్లు కొట్టాడు. ఇంకొందరు కలిశారు. ఆ చప్పట్లకు చెంపలు మండిపోయాయి నాకు. పద్మ చప్పట్లు కొట్టలేదు. జనం లేచాక కుర్చీలు మడిచి పేరుస్తూ, "సెనారం నాదే బండి. పేటలో నాలుగింటికి ఎక్కు, సీటు ఆపుతా" అంది. అంతే అంది.

మొన్న శనివారం వెళ్లాను. కుర్చీని మళ్లీ గదిలోకి చేర్చారు. దాని వీపు మీద ఎడమపక్క అరచెయ్యంత మేర రంగు పోయి, కర్ర నున్నగా తేలి ఉంది. పిల్లలు బెంచీల్లో సర్దుకున్నారు. కాసేపు ఆమ్లాలు, క్షారాలు చెప్పాను. ఒక పిల్లకు దగ్గొచ్చింది. మంచినీళ్ల క్యాను దగ్గరికి పోయి, ఒంచి చూసి, ఊరికే వచ్చి కూర్చుంది. క్యాను ఖాళీ.

బోర్డు మీద రాస్తున్నదాన్ని ఆగాను. పది గడపల అవతలే ఫిల్టరు నీళ్ల ప్లాంటు ఉంది. ఒకణ్ని పేరు పెట్టి పంపిస్తే నిమిషంలో వస్తాయి. మా స్కూల్లో అయితే అలాగే పంపిస్తాను. సుద్దముక్క కింద పెట్టి, కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. చెయ్యి దానంతటదే ఆ నున్నటి చోటికి పోయింది.

"క్యాన్లో నీళ్లు లేవు" అన్నాను. "ఎవరు చూసుకుంటారు?"

ఆ మాట నా నోట విని పిల్లలు ఉలిక్కిపడి తలలెత్తారు. తర్వాత వంచుకున్నారు. ముందు బెంచీ వాడొకడు, "లీడరు ఇయ్యాల రాలా మేడమ్" అన్నాడు. నేను పలకలేదు. కిటికీ పక్కన ఒక పిల్ల ఉంది, మంచి గౌను, తలలో కొత్త క్లిప్పులు. ఆ పిల్ల బయటికి చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. దాని మీద నాకు కోపం రాలేదు. 'అంటావులే ఎప్పుడో' అన్న మాట గొంతుదాకా వచ్చింది. అనడానికి నాకింకా అర్హత లేదనిపించి మింగేశాను.

ఇటువైపు నిలబడితే ఆ నిశ్శబ్దం ఎంత పొడుగుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఫ్యాను తిరుగుతోంది. బయట పొద్దు వాలింది. పొద్దున్నించీ స్కూల్లో తిరిగీ తిరిగీ పిక్కలు పట్టేశాయి. చేతికింద కుర్చీ ఉంది, లాక్కుంటే వస్తుంది.

నేను కూర్చోలేదు.